నగర ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు విశ్వవిద్యాలయంలో వేసవి విజ్ఞాన శిబిరం: ఎలా నడపాలి?

ప్రశ్న (భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాదు)

అందరికీ నమస్కారం. హైదరాబాదులోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. రాబోయే వేసవిలో నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విద్యార్థుల కోసం సొంత నిధులతో ఒక విజ్ఞాన శిబిరం నడపాలని మా విశ్వవిద్యాలయం నిర్ణయించి, ఆ బాధ్యతను మా విభాగానికి అప్పగించింది. నలభై మంది పిల్లలు, మే నెలలో నాలుగు వారాలు అన్నది ప్రస్తుత ప్రతిపాదన. ప్రయోగశాలలు, గ్రంథాలయం, హాస్టల్ మెస్ అందుబాటులో ఉంటాయి.

ఇటువంటి అవకాశాలు అసలే లేవని కాదు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకం కింద పదకొండో తరగతి సైన్సు విద్యార్థులకు శిబిరాలు జరుగుతున్నాయి. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి వారికి యువికా కార్యక్రమం నిర్వహిస్తోంది. అయితే మొదటిది పది పరీక్షల్లో అగ్రశ్రేణిలో నిలిచినవారి కోసం. రెండోదానిలో గ్రామీణ విద్యార్థులకు అదనపు ప్రాధాన్యం ఉంది, అది న్యాయమే. యాకుత్‌పురాలోనో బోరబండలోనో ప్రభుత్వ బడిలో మధ్యస్థంగా మార్కులు తెచ్చుకునే పిల్లకు మాత్రం ఈ రెండింటిలోనూ చోటు దొరకడం కష్టం. ఆ పిల్లకు పనికివచ్చే శిబిరం కావాలన్నదే నా కోరిక.

మా సహోద్యోగుల్లో కొందరు రోజుకొక ప్రముఖ శాస్త్రవేత్త చేత ఉపన్యాసం ఇప్పిస్తే చాలునంటున్నారు. మన నగరంలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ వంటి జాతీయ పరిశోధన సంస్థలు ఉన్నాయి కనుక వక్తలకు కొదవ లేదు. కానీ నాలుగు వారాల పాటు కూర్చుని వినడం వల్ల పిల్లల్లో ఏమి మారుతుందో నాకు బోధపడటం లేదు. ఎవరిని, ఎలా ఎంపిక చేయాలి? ఏమి చేయించాలి? మొదటి రోజు వచ్చిన పిల్లలు చివరి రోజు దాకా రావాలంటే ఏ ఏర్పాట్లు అవసరం? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, పాతబస్తీ)

మేడమ్‌కు నమస్కారం. మూసీకి దక్షిణాన ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు చెబుతున్నాను. మీరు ముందుగా తేల్చుకోవలసింది ఏ తరగతి పిల్లలను పిలవాలన్నది. పదో తరగతి ముగించిన వారిని పిలవకండి. వారి పరీక్షలు కాగానే జూనియర్ కళాశాలల ప్రతినిధులు ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. ఫలితాలు, ప్రవేశాలు, ఫీజుల బెంగతోనే ఆ ఇంట్లో మే నెల గడిచిపోతుంది. తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వెళ్లేవారు మీకు సరైనవారు. శిబిరం తరువాత మరో ఏడాది వారు మా కళ్ల ముందే ఉంటారు. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అన్న నిర్ణయం ఇంకా జరిగి ఉండదు కాబట్టి, మీ దగ్గర చూసినదీ చేసినదీ ఆ నిర్ణయంలో కలుస్తుంది.

ఎంపిక విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. ‘మార్కుల ప్రకారం ఇద్దరిని పంపండి’ అని ప్రధానోపాధ్యాయులకు ఉత్తరం రాస్తే, ప్రతి పోటీకీ, ప్రతి సభకూ వెళ్లే ఆ ఇద్దరే మీ దగ్గరికీ వస్తారు. వారు మంచి పిల్లలే, కాదనను. కానీ తరగతిలో నోరు మెదపకుండా కూర్చుని, ఇంటికి వెళ్లి పాడైన ఫ్యాను విప్పి చూసే పిల్లవాడి పేరు ఆ జాబితాలో ఎప్పటికీ ఉండదు. మీ పరిశోధక విద్యార్థులను ఒక గంటసేపు మా బడికి పంపండి. ఆసక్తి ఉన్న వారందరికీ ఒక బ్యాటరీ, చిన్న బల్బు, రెండు తీగలు, కాస్త ఉప్పు, ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి, దేని గుండా కరెంటు పోతుందో, దేని గుండా పోదో కనుక్కోమనండి. బల్బు వెలగనప్పుడు ఎవరు వదిలేస్తున్నారు, ఎవరు తీగలు మార్చి మార్చి చూస్తున్నారు అన్నది గమనిస్తే మీకు కావలసిన పిల్లలు దొరుకుతారు.

నలభై బడుల నుంచి ఒక్కొక్కరిని తీసుకోవడం కంటే పది బడుల నుంచి నలుగురేసి చొప్పున, ఇద్దరు బాలికలు, ఇద్దరు బాలురు వచ్చేలా తీసుకోవడం మేలు. మా వైపు ఒంటరిగా ఆడపిల్లను నగరం అవతలి కొసకు పంపే తల్లి ఉండదు. పక్క వీధి పిల్ల కూడా వస్తుందంటే పంపుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలకు ప్రయాణం ఉచితం కనుక, వారికి బస్సు ఖర్చు సమస్య కాదు. బాలుర చార్జీలు మీరే భరించాలి. శిబిరానికి ముందు ఒక ఆదివారం తల్లిదండ్రులను పిలిచి ప్రయోగశాల, భోజనశాల, మరుగుదొడ్లు చూపించండి. తల్లులు ముందుగా చూసేది మరుగుదొడ్లనే.

పిల్లలు మధ్యలో మానేయడానికి విసుగు ఒక్కటే కారణమని అనుకోకండి. వేసవిలో మా అబ్బాయిలు పంక్చరు దుకాణాల్లో, మెకానిక్ షెడ్లలో చేతిసాయంగా వెళతారు. ఆడపిల్లలు ఇంట్లో మగ్గం పనికి కూర్చుంటారు. ఆ నాలుగు డబ్బులు ఇంటికి అవసరం. పిల్లలకు రోజువారీ భత్యం చిన్నదైనా ఇవ్వండి. అది లేకపోతే రెండో వారానికే ఖాళీ బల్లలు కనిపిస్తాయి. మరొకటి: సెలవుల్లో మధ్యాహ్న భోజన పథకం ఆగిపోతుంది. ఉదయం ఏమీ తినకుండా బస్సెక్కే పిల్లలు తప్పక ఉంటారు. ఎనిమిదింటికి రాగానే అల్పాహారం, పన్నెండున్నరకు భోజనం పెట్టి, ఆ తరువాత ఇంటికి పంపే ఏర్పాటు చేయండి. ఎండ ముదిరాక మధ్యాహ్నపు తరగతి పిల్లలకూ, చెప్పేవారికీ శిక్షే.

నాలుగు వారాలు కూడా ఎక్కువ. ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసిన వెంటనే మొదలుపెట్టి మూడు వారాల్లో ముగించండి. మే మూడో వారం దాటితే పెళ్లిళ్లు, ఊళ్లకు ప్రయాణాలు. బక్రీదు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక పంచాంగం, ఇస్లామిక్ క్యాలెండరు రెండూ చూసి తేదీలు ఖాయం చేయండి.

భాష గురించి ఒక్కమాట. మా పుస్తకాల్లో ఇంగ్లిషు, తెలుగు పక్కపక్కనే ఉంటాయి, కానీ నా తరగతిలో మూడో వంతు పిల్లల ఇంటి భాష ఉర్దూ. పరికరాల పేర్లు ఇంగ్లిషులోనే ఉండనివ్వండి, దానికి ఎవరూ బెదరరు. తమ నోటుపుస్తకంలో గమనించినది మాత్రం ఏ భాషలో రాసుకున్నా తప్పు పట్టకండి. మీ బృందంలో ఉర్దూ మాట్లాడే మార్గదర్శకులు ఇద్దరైనా ఉండాలి.

జవాబు (విశ్రాంత రసాయనశాస్త్ర ఆచార్యుడు, విశాఖపట్నం)

అమ్మా, ఉపాధ్యాయురాలు చెప్పిన ఏర్పాట్లన్నీ అక్షరాలా పాటించదగ్గవి. ఇక ఏమి చేయించాలన్న దానికి వస్తాను. ఉపన్యాసాలు వారానికి ఒకటి చాలు, అదీ వక్తను ముందుగా పిల్లల బల్లల దగ్గరకు తీసుకువెళ్లి, వారు చేస్తున్న పని చూపించిన తరువాత. మిగతా సమయమంతా పిల్లలు తమ నగరాన్ని తామే కొలవాలి.

మొదటి వారానికి నీడతో మొదలుపెట్టండి. హైదరాబాదు ఉత్తర అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడ పడదు; ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ అదే జరుగుతుంది. శిబిరం ఏప్రిల్ చివర మొదలైతే పిల్లలు ప్రతిరోజూ మీటరు కర్ర నీడను మిట్టమధ్యాహ్నం కొలుస్తూ, అది ఏ రోజున మాయమవుతుందో గ్రాఫు గీసి ముందుగానే చెప్పగలరు. తమ లెక్క నిజమైందని తెలిసిన క్షణంలో పదిహేనేళ్ల పిల్ల ముఖంలో వచ్చే వెలుగు నేను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అక్కడితో ఆపవద్దు. నాగపూరు హైదరాబాదుకు దాదాపు సూటిగా ఉత్తరాన, 21.15 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడి ఒక కళాశాలలో పరిచయస్తులుంటే, అదే రోజు వారి మధ్యాహ్నవేళకు మీటరు కర్ర నీడ కొలిచి పంపమనండి. సుమారు ఆరున్నర సెంటీమీటర్లు వస్తుంది, అంటే కర్రకూ సూర్యకిరణానికీ మధ్య కోణం 3.75 డిగ్రీలు. పూర్తి వృత్తంలో అటువంటి కోణాలు 96 ఇముడుతాయి. రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 415 కిలోమీటర్లు; 96తో గుణిస్తే భూమి చుట్టుకొలత 40,000కు కాస్త తక్కువగా వస్తుంది. గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ రెండువేల రెండు వందల ఏళ్ల కిందట చేసిన పని ఇదే. పిల్లల్లో ఎవరో ఒకరు ఫోనులో రోడ్డు దూరం చూసి 500 కిలోమీటర్లు అని వేస్తారు, 48,000 వస్తుంది. వెంటనే సరిదిద్దకండి. తేడా ఎందుకు వచ్చిందో వారే వెతుక్కోవాలి. నీడ అంచు మసకగా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు బిందువు కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున ఉంటాడు. మీటరు కర్రకు ఆ మసక సుమారు సెంటీమీటరు. ఆరున్నరలో ఒక సెంటీమీటరు సందేహం అంటే జవాబులో ఎంత సందేహం అన్న చర్చ ఒక పూట పడుతుంది. ఆ పూట వృథా అనుకోవద్దు, కొలతలోని సందేహాన్ని అంకెగా చెప్పడం మన ఎమ్మెస్సీ విద్యార్థులకే సరిగా అబ్బడం లేదు.

తరువాతి రెండు వారాలకు ప్రతి ఐదుగురి బృందం ఒక్క ప్రశ్ననే పట్టుకోవాలి. నేను రెండు సూచిస్తాను. మొదటిది ఇంటి పైకప్పు. ఇనుప రేకులు, సిమెంటు రేకులు, డాబా, సున్నం కొట్టిన డాబా: వీటి కింద గదులు ఏ వేళకు ఎంత వేడెక్కుతాయి, రాత్రి ఎంతసేపటికి చల్లబడతాయి? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (చల్లని పైకప్పు) విధానం ప్రకటించింది కనుక, పిల్లలు కొలిచేది ప్రభుత్వానికీ పట్టే విషయమే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడితే ఒక జాగ్రత్త: మెరిసే రేకు ఉష్ణ వికిరణాన్ని తక్కువగా వెదజల్లుతుంది కాబట్టి పరికరం అసలు కంటే తక్కువ అంకె చూపిస్తుంది. రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, కాసేపు ఆగి, దాని మీద గురిపెట్టాలి. ఎవరి ఇంట్లో కొలవాలన్నది మాత్రం పిల్లల ఇష్టానికే వదలండి. తమ ఇల్లు పదిమందికీ తెలియడం ఇష్టంలేని పిల్లలు ఉంటారు. వారికి విశ్వవిద్యాలయ ఆవరణలోనే నాలుగు నమూనా పెట్టెలు కట్టించి ఇవ్వవచ్చు.

రెండోది నీరు. నల్లా నీరు, బోరు నీరు, ట్యాంకరు నీరు సీసాల్లో తెమ్మని, ఈడీటీఏ అనే రసాయనంతో కాఠిన్యం కొలిపించండి. ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక ద్రాక్ష ఎరుపు నుంచి నీలంలోకి మారే చోటు ఎవరి కంటికైనా స్పష్టమే. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటికి లీటరుకు 200 మిల్లీగ్రాములు వాంఛనీయ పరిమితి, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి. వీధివారీగా పటం మీద అంకెలు వేస్తే నగరం కొత్తగా కనిపిస్తుంది. అమోనియా బఫరు ఘాటుగా ఉంటుంది, దాన్ని ఆవిరిని బయటకు లాగే పొగగూటిలో (ఫ్యూమ్ హుడ్) పెద్దవారే కలపాలి. పిల్లలకు కంటి అద్దాలు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. చెప్పులతో వచ్చే వారి కోసం బూట్లు మీరే కొని ఉంచండి, చెప్పులున్నాయన్న కారణంతో ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టకూడదు.

జవాబు (పరిశోధక విద్యార్థి, జీవశాస్త్రం)

మేడమ్, మార్గదర్శకుల వైపు నుంచి కొన్ని మాటలు. ఐదుగురు పిల్లలకు ఒక పరిశోధక విద్యార్థి అవసరం, అంటే నలభై మందికి ఎనిమిది మంది, అదనంగా ఇద్దరు. ధ్రువపత్రం ఇస్తాం రమ్మంటే వచ్చేవారు ఉంటారు, కానీ ఎవరి ప్రయోగం ఎప్పుడు పిలుస్తుందో తెలియని చోట మూడు వారాలు నిలకడగా రావాలంటే గౌరవ వేతనం, దానికంటే ముందు పర్యవేక్షకుల రాతపూర్వక అనుమతి ఉండాలి. విభాగాధిపతి చెప్పారని ఒప్పుకుని, తరువాత మూడో రోజునే వెనక్కి పిలిచే పర్యవేక్షకులు ఉంటారు.

శిబిరానికి ముందు మాకు రెండు రోజుల శిక్షణ ఇవ్వండి. అందులో ముఖ్యంగా నేర్పవలసింది, పిల్లలు అడిగిన వెంటనే జవాబు చెప్పకుండా ఉండటం. ఇది చూసినంత సులభం కాదు. ప్రయోగం తప్పుతుంటే మన చేయి దానంతటదే ముందుకు వెళ్లిపోతుంది.

రెండో అంశం పిల్లల భద్రత. పాల్గొనే వారందరూ పద్దెనిమిదేళ్ల లోపువారు కనుక 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలపడం విధి, దాచడం శిక్షార్హం. ఏ పెద్దవారూ ఒక్క పిల్లతోనో పిల్లవాడితోనో మూసిన గదిలో ఉండకూడదు, వ్యక్తిగత ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు, ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు అన్న నియమాలను కాగితం మీద రాసి అందరి చేతా సంతకాలు చేయించండి. పిల్లలు ఏదైనా చెప్పుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో మొదటి రోజే ముఖం చూపించి పరిచయం చేయండి.

జీవశాస్త్రం వైపు ఖర్చు తక్కువలో కావాలంటే, మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫోర్డ్‌లో రూపొందించిన కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ తీసుకోండి. సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. శిబిరం అయ్యాక పిల్లలు దాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు.

జవాబు (అధ్యాపకుడు, అమెరికా)

నమస్కారమండీ. నేను ఇక్కడ ఒక పెద్ద నగరంలోని విశ్వవిద్యాలయంలో గణితం చెబుతూ, వేసవుల్లో అప్‌వర్డ్ బౌండ్ కార్యక్రమంలో పాల్గొంటున్నాను. ఇది 1960ల మధ్యలో పేదరిక నిర్మూలన చట్టాలతో పాటు పుట్టిన, హైస్కూలు పిల్లలను కళాశాల చదువుకు సిద్ధం చేసే సమాఖ్య పథకం. గణిత విజ్ఞాన విభాగం 1990లో చేరింది. తీసుకునేవారిలో మూడింట రెండు వంతుల మంది తక్కువ ఆదాయం గల కుటుంబాల నుంచి, ఇంటిలో డిగ్రీ చదివిన తల్లిగానీ తండ్రిగానీ లేని పిల్లలై ఉండాలన్నది నియమం. ఆరు వారాల పాటు పిల్లలు విశ్వవిద్యాలయంలోనే ఉంటారు, చిన్న భత్యం కూడా అందుతుంది.

మీరు తీసుకోదగింది ఆ ఆరు వారాలు కాదు. మీ నగరం, మీ వాతావరణం వేరు. వేసవి ముగిశాక విద్యా సంవత్సరం పొడవునా అదే పిల్లలను మళ్లీ మళ్లీ కలవడమే ఈ పథకానికి ప్రాణం. ప్రవేశ దరఖాస్తు నింపడం, ఆర్థిక సహాయం అడగడం, కష్టమైన పాఠం దగ్గర ఆగిపోయినప్పుడు ఒకరికి ఫోను చేయగలగడం వంటివన్నీ చలికాలంలో జరిగే పనులు. మీ నిధులు పరిమితమైతే మూడు వారాలను రెండు చేసినా ఫరవాలేదు, మిగిలిన డబ్బుతో సంవత్సరంలో ఆరేడు సార్లు పిల్లలను పిలవండి.

ప్రశ్నించిన వారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మూడు వారాలు, ఏప్రిల్ చివర ప్రారంభం, పది బడుల నుంచి నలుగురేసి అన్న ప్రతిపాదనను కమిటీ ముందు పెడుతున్నాను. నాగపూరులో నా సహాధ్యాయిని ఒకరు బోధిస్తున్నారు, నీడ కొలతకు ఆమె వెంటనే ఒప్పుకున్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ‘దీనివల్ల పదిలో మార్కులు పెరుగుతాయా?’ అని తల్లిదండ్రులు అడిగితే ఏమని చెప్పాలి? శిబిరం ఫలించిందని నిరూపించే పరీక్ష ఒకటి పెట్టమని కమిటీ అడుగుతోంది, అది ఎలా ఉండాలి?

జవాబు (ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, పాతబస్తీ)

మేడమ్, తల్లిదండ్రులకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఇది ట్యూషన్ కాదు, మార్కులకు హామీ లేదు. కాంతి, విద్యుత్తు, ఆమ్లాలు, క్షారాలు పదో తరగతిలో ఎలాగూ ఉన్నాయి, వాటిని చేతులతో చేసిన పిల్లకు పాఠం వచ్చినప్పుడు కొత్తగా అనిపించదు అన్నంత వరకు చెప్పవచ్చు. అంతకు మించి ఆశపెడితే, ప్రీఫైనల్ మార్కులు చూసి మిమ్మల్నే కాదు, సైన్సునే నిందిస్తారు. మా దగ్గర తల్లులు నిజం చెబితే వింటారు.

పరీక్ష విషయంలో వంద మార్కుల ప్రశ్నపత్రం వద్దని మీ కమిటీని ఒప్పించండి. మొదటి రోజున, చివరి రోజున ఒకే రకమైన పని ఇవ్వండి. ఉదాహరణకు, ‘కుండలో నీరు ఫ్రిజ్‌లో నీటి కంటే ఆరోగ్యానికి మంచిదని మా నానమ్మ అంటుంది. ఇందులో కొలిచి తేల్చగలిగినది ఏది, ఎలా కొలుస్తావు?’ అని అడగండి. మొదటి రోజు చాలామంది అవును అనో కాదు అనో రాస్తారు. చివరి రోజున ఎంతమంది ఉష్ణోగ్రత గురించి, ఎన్నిసార్లు కొలవాలన్న దాని గురించి, పోలికకు ఏది మార్చకుండా ఉంచాలన్న దాని గురించి రాశారో లెక్కపెట్టండి. దానితో పాటు, మరుసటి సంవత్సరం జూన్‌లో వారిలో ఎవరు ఏ గ్రూపులో చేరారో మా నుంచి తెప్పించుకోండి.

అమెరికా నుంచి రాసిన సారు చెప్పినట్టు ఏడాది పొడవునా పిలవదలిస్తే రెండో శనివారాలు అనుకూలం, ఆ రోజు బడికి సెలవు. మీ ప్రయోగశాలలు ఆ రోజు తెరిపించగలరా అన్నది ముందే కనుక్కోండి. ఇప్పటికిప్పుడు చేయవలసింది మాత్రం ఒకటుంది. జిల్లా విద్యాశాఖాధికారికి, పది బడుల ప్రధానోపాధ్యాయులకు లేఖ, తల్లిదండ్రుల అనుమతి పత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ, ఫిబ్రవరి లోపే చేరాలి. మార్చి వచ్చిందంటే పది పరీక్షల ఏర్పాట్లలో మా వాళ్లెవరికీ ఆ కాగితం తెరిచి చూసే తీరిక ఉండదు. ఉర్దూ పత్రం ముసాయిదా మీరు పంపితే, మా బడిలో ఉర్దూ పండితులు ఉన్నారు, వారి చేత దిద్దించి తిరిగి పంపుతాను.